పదిహేడో నంబరు పుస్తకం

గురువారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలు. దోహాలో అల్ హిలాల్, మూడో అంతస్తు, మా వంటింటి గట్టు. అప్పుడే వచ్చిన పుస్తకం ఖాకీ అట్ట మడత తెరిచి అందులో ఒక తెల్ల చీటీ పెట్టబోయాను. చెయ్యి ఆగిపోయింది. పాత పుస్తకం మడతలో పెట్టిన చీటీ తీయలేదు. ఆ పుస్తకం పదిహేను నిమిషాల క్రితమే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. కింద కంపెనీ వ్యాను లేదు. గోడల మీద ఏసీల నీళ్ళు కారిన చారలు, ఎవరి పిల్లాడిదో సైకిలు, ఇసుక పట్టిన కార్లు. అంతే. అక్కడి నుంచి ఏడు వారాలు నేను ఎవరినీ నమ్మలేదు.

"ఏడాదంతా అక్కడేం చేశావు?" అని తిరిగొచ్చాక అందరూ అడుగుతున్నారు. చదివాను. ముప్పై ఒక్క పుస్తకాలు. ఆ సంగతే రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను. మా నాన్నగారు ఫౌజులో వైర్‌లెస్ ఆపరేటరు. చిన్నప్పుడు మాచేత డైరీ రాయించేవారు. టైము, చోటు, చూసింది. "అనుకున్నది వేరే పేజీలో రాయి, కలపకు" అనేవారు. అక్కడ నేను చేసిన తప్పల్లా ఆ రెండు పేజీలూ కలిపెయ్యడమే.

మేం వెళ్ళింది తొంభైల నడుమ, ఒక సెప్టెంబరు చివర. తెల్లవారుజామున నాలుగింటికి విమానం తలుపు తీశారు. కళ్ళజోడంతా ఆవిరి. సామాను రెండు పెట్టెలు, కుక్కరు, రెండు ప్లాస్టిక్ కవర్లలో గోంగూర పచ్చడి, ఏడేళ్ళ అనూష, నాలుగేళ్ళ చిన్నా. మా వారు ఆర్నెల్ల ముందే వెళ్ళారు. సైటు ఇంజనీరు. ఉదయం ఐదున్నరకి వెళ్తే సాయంత్రం ఏడింటికి వచ్చేవారు. ఇంట్లో అడుగుపెట్టగానే నాకు మూడు ఆజ్ఞలు చెప్పారు.

"గొలుసు వేసి ఉంచి తలుపు తియ్యి. ఫోన్లో కంపెనీ మాటలు మాట్లాడకు. మేనేజర్ గారి గురించి గానీ, వాళ్ళావిడ గురించి గానీ ఎక్కడా ఏమీ అనకు."

మూడోదే అసలైంది. మా వారి కాంట్రాక్టు జూన్ ఆఖరుతో అయిపోతుంది. ఆ తర్వాతి కాగితం మీద మేనేజర్ గారు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఇల్లు, వీసా, పిల్లల బడి, అన్నీ పోతాయి. ఇండియాలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చిన మనిషి. వెనక్కి వెళ్తే కూర్చోవడానికి కుర్చీ లేదు.

మేనేజర్ గారిది తెనాలి దగ్గర. ఆయన భార్య సుభద్ర గారి దగ్గర బీరువా నిండా తెలుగు పుస్తకాలు ఉండేవి. వాటిని నాలుగు ఇళ్ళకి తిప్పేవారు. ప్రతి పుస్తకానికీ ఖాకీ కాగితంతో అట్ట వేసి, వీపు మీద నంబరు రాసేవారు. అట్ట మీద బొమ్మలు కనిపించకూడదని ఆవిడ పట్టుదల. దానివల్ల మాకు ఏ పుస్తకానికీ పేరు అలవాటు కాలేదు. "ఆరు చదివావా?" "ఇరవై రెండు నా దగ్గర ఉంది." ఇలాగే మాట్లాడుకునేవాళ్ళం. గురువారం నాలుగింటికి కంపెనీ డ్రైవర్ ఒకటి తెచ్చి, చదివేసింది పట్టుకెళ్ళేవాడు.

నేను చదివే వేళలు: పగలు ఒకటిన్నర నుంచి అనూష బడి బస్సు వచ్చేదాకా. దుమ్ము గాలి ఉన్న రోజు కిటికీ సందుల్లో తడిగుడ్డలు పెట్టి మరీ చదివేదాన్ని. ఆరో నంబరు ఒక చిన్న ఊరి కాంపౌండరు కథ. అతను మందు సీసాలు కడిగి ఎండబెట్టే పేజీ నాలుగుసార్లు చదివాను. ఇరవై రెండు, గొడుగు పట్టుకుని ఒక నది వెంట నడిచిన మనిషి యాత్ర. అందులో ఏమీ జరగదు. అందుకే ఇష్టం. తొమ్మిది డిటెక్టివ్ నవల. చివరి నాలుగు పేజీలు లేవు. హంతకుడెవరంటే నాలుగిళ్ళలో నాలుగు పేర్లు చెప్పారు. నాకైతే వంటమనిషి మీద అనుమానం. అందరూ నవ్వారు. ఇప్పటికీ నాది అదే మాట.

అన్నిటికంటే నచ్చింది పదిహేడు. వారపత్రికలో వచ్చిన సీరియల్ కాగితాలు చించి, దారంతో కుట్టిన పుస్తకం. మొగుడు పోయాక పడవ రేవుని వేలంలో పాడుకుని తానే నడుపుకున్న ఒక ఆడమనిషి కథ. ఆ రేవు మీద ఆవిడ వియ్యపురాలికి కన్ను. వియ్యపురాలు ఊరందరికీ పెట్టే మనిషి. పెట్టింది మాత్రం ఎప్పటికీ మర్చిపోదు, ఎదుటివాళ్ళని మర్చిపోనివ్వదు.

చదివేటప్పుడు తోచింది చీటీ మీద రాసి అట్ట మడతలో దోపుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. పుస్తకం తిరిగిచ్చే ముందు తీసేసుకునేదాన్ని. పదిహేడులో పెట్టిన చీటీ మా వారి సైటు ప్యాడ్ లోంచి చింపింది. పైన కంపెనీ పేరు అచ్చయి ఉంది. కింద నా చేతిరాత. "ఈ వియ్యపురాలు అచ్చం సుభద్ర గారే. పెట్టే చేతికి గాజుల చప్పుడు ఎక్కువ."

ఆ చీటీ సుభద్ర గారింటికే వెళ్ళింది.

శుక్రవారం ఫోన్ లేదు. శనివారం లేదు. ఆదివారం ఉదయం పదింటికి మోగింది.

"ఏమ్మా సుజాతా, పదిహేడు ఎట్టా ఉంది? నిన్న పొద్దున వచ్చింది, మళ్ళీ మొదలెట్టా. ఆ వియ్యపురాలు లేదూ, అచ్చం మా ఆడపడుచే అనుకో!"

ఆవిడ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక లెక్క మొదలైంది. వియ్యపురాలి మాట ఆవిడే ఎందుకు ఎత్తారు? చీటీ చూసి నన్ను పరీక్షిస్తున్నారా? పైగా పుస్తకం గురువారం సాయంత్రం ఇక్కడ బయల్దేరింది. పది నిమిషాల దారి. శనివారం పొద్దుటిదాకా ఎక్కడుంది?

డ్రైవర్ పేరు రాజలింగం. జగిత్యాల దగ్గరి ఊరు. నలభై ఉంటాయి. పిల్లలు లింగం మామ అనేవాళ్ళు. చిన్నాని స్టీరింగు ముందు కూర్చోబెట్టి "యల్లా, తోలు సేటూ!" అనేవాడు. తర్వాతి గురువారం వచ్చినప్పుడు గొలుసు తీయకుండానే అడిగాను.

"పోయినసారి పుస్తకం మేడమ్ గారికి ఎప్పుడిచ్చావు?"

"శనివారం పొద్దుగాల, మేడమ్."

"గురువారం కదా పట్టుకెళ్ళావు?"

"క్యాంప్‌ల ఉండె. మెసైమీర్ల, కంపెనీ లేబర్ ఉండే కాడ, మా రూముల." మెట్ల వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "మేడమ్, మీతోటి ఒక ముచ్చట చెప్పాలె. సార్ ఉన్నప్పుడు గాదు. సార్‌కు తెల్వద్దు."

తలుపు వేసేశాను. టైము నాలుగూ పన్నెండు. లోపల గోడకి ఆనుకుని నిలబడ్డాను. చీటీ వీడి దగ్గరుంది. మొగుడికి తెలియకూడదంటున్నాడంటే ఏదో అడగబోతున్నాడు. ఇవాళ కాకపోతే రేపు అడుగుతాడు. ఇవ్వకపోతే చీటీ ఆవిడకి చేరుతుంది.

చూసింది ఒక మనిషి గొంతు తగ్గించడం. మిగతాదంతా నేను అనుకున్నది.

నాలుగూ నలభైకి సుభద్ర గారికి ఫోన్ చేశాను. ముందు నేను చెప్పేస్తే తర్వాత వాడేం చెప్పినా చెల్లదు. నా ఎత్తు అది.

"మీతో చెప్పాలా వద్దా అని చూస్తున్నానండీ. రాజలింగం మీ పుస్తకాలు క్యాంపుకి పట్టుకుపోయి ఉంచేసుకుంటున్నాడు. ఇంకా... మాట తీరు కూడా బాగాలేదండీ. ఈయన లేనప్పుడు మాట్లాడాలంటాడు."

"అయ్యయ్యో! పిల్లలు గలదానివి. నాకు ముందే చెప్పొద్దూ? మావారితో చెప్తాలే. నువ్వేం భయపడబాక."

ఆ రాత్రి అన్నం తినిపిస్తూ పిల్లలకి చెప్పాను. "లింగం మామ దొంగ. పిలిచినా దగ్గరికి వెళ్ళకండి." చిన్నా "ఏం దొంగిలించాడు?" అన్నాడు. "పుస్తకం" అన్నాను.

వారం తిరిగేసరికి బండి తాళాలు ఇంకొకడి చేతిలో ఉన్నాయి. సాయిలు, పాతికేళ్ళవాడు, అదే క్యాంపు. రాజలింగాన్ని ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ సైటుకి పంపేశారు. సాయిలు పుస్తకం ఇచ్చేవాడు, తీసుకునేవాడు. మాట లేదు. ఆ మౌనాన్నీ అనుమానించాను. ఆ ఐదు వారాల్లో ఐదు పుస్తకాలు చదివాను. ఒక్కటీ తలకెక్కలేదు. ప్రతి పుస్తకం అట్ట మడత ముందు విప్పి చూసేదాన్ని. రాత్రి మా వారి మొహంలో వెతికేదాన్ని. "సంతకం అయిందా?" "ఇంకా లేదు. ఎందుకలా రోజూ అడుగుతావు?"

జూన్ మొదటి గురువారం. బయట నలభై ఐదు డిగ్రీలు. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంది. సాయిలు పుస్తకంతో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. మడతపెట్టిన కాగితం. కంపెనీ పేరు, నా చేతిరాత.

"రాజలింగన్న ఇచ్చిండు. మీ చేతికే ఇయ్యమన్నడు."

అతనే చెప్పాడు.

"శుక్రవారం నాడు అన్న మాకు బుక్కు సదివి వినిపిస్తుండె మేడమ్. రూముల పన్నెండు మందిమి. సగం మందికి సదువు రాదు. రేవు కథ సదువుతుంటె అట్టలకెల్లి ఈ కాయితం కిందవడ్డది. అన్న సదివిండు. మేము నవ్వి నవ్వి సచ్చినం. పెద్ద మేడమ్ పండుగకు మాకు లడ్డూలు పంచి ఫోటో దిగుతది గదా, గదే యాదికొచ్చింది. మల్ల అన్ననే అన్నడు, ఇది గిట్లనే వోతె ఇంజనీర్ సార్ నౌకరి ఖతమైతదిరా అని, తీసి పెట్టిండు. మీకు చెప్దామని వస్తె తలుపేసుకున్నరట."

"అతను... ఎలా ఉన్నాడు?"

"హెల్పర్ పని చేస్తుండు. డ్రైవర్ వీసా మీద వచ్చినోడు షట్టరింగు చెక్కలు మోస్తుండు ఎండల. ఎందుకు తీసిండ్రో ఆయనకు తెల్వది. మొన్న శుక్రవారం వచ్చిండు, చేతులు బొబ్బలు." మెట్టు దిగబోయి వెనక్కి తిరిగాడు. "మేడమ్, ఒక్క మాట. బుక్కు వాపస్ పోయినంక కథ ఆడికే ఆగింది. ఆ రేవు ఆమెకే దక్కిందా?"

"దక్కింది" అన్నాను.

"అచ్ఛా!" అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వి మెట్లు దిగిపోయాడు.

పన్నెండు మందికి తెలుసు. ఏడు వారాలు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇది తెలిశాక కూడా నా బుద్ధి ఎక్కడికి పోయిందో రాస్తాను: చీటీ తిరిగిచ్చాడు సరే, నకలు తీయించి పెట్టుకున్నాడేమో అనుకున్నాను. పది నిమిషాలు నిజంగా అదే ఆలోచించాను.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వారికి అంతా చెప్పాను. ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే విన్నారు.

"ఇప్పుడేం చేద్దామని?"

"వెళ్ళి సుభద్ర గారికి చెప్తాను. అతను ఏ తప్పూ చెయ్యలేదని."

"మరి అప్పుడెందుకలా చెప్పావని అడుగుతుంది."

"చీటీ చూపిస్తాను."

"నా కాంట్రాక్టు కాగితం మేనేజర్ గారి బల్ల మీదుంది సుజాతా. ఇంకో పది రోజులు ఆగు. సంతకం అయ్యాక చెప్పు."

"పది రోజులు ఆ ఎండలో..."

"నాకు తెలీదా? ఆ ఎండలోనే కదా నేనుండేది?" లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నారు, "నేనైతే వద్దంటాను. వెళ్తే మాత్రం ఆపను."

శనివారం పదిన్నరకి సుభద్ర గారింటి హాల్లో కూర్చుని చీటీ ఆవిడ చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు. చేతి గాజులు పైకి తోసుకున్నారు. "నా గాజులు నీకంత చప్పుడు చేశాయా అమ్మా?" అన్నారు. తిట్టలేదు. టీ ఇప్పించారు. నేను తాగేదాకా ఎదురుగానే కూర్చున్నారు.

నెలాఖరులోపే రాజలింగం మళ్ళీ బండి ఎక్కాడు. మా ఇంటికి పుస్తకాలు రావడం ఆగిపోయింది. మా వారి కాగితం మీద సంతకం పడలేదు. ప్రాజెక్టు తగ్గిందన్నారు. అది నిజమే కావచ్చు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. జూలైలో తిరిగొచ్చాం. మా వారికి ఇంకా సరైన ఉద్యోగం దొరకలేదు. రాజలింగానికి ఎదురుపడి మాట్లాడే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు.

అక్కడి ఎండ, దుమ్ము, చదివిన పుస్తకాలు, అన్నీ మెల్లగా మసకబారుతున్నాయి. ఆ శనివారం ఉదయం ఆరూ ఇరవై మాత్రం పోవడం లేదు. బడి బస్సుకి ఇంకా పది నిమిషాలు. అనూష ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని నిలబడింది. చిన్నా నేల మీద కూర్చుని పాలు తాగుతున్నాడు. వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"లింగం మామ దొంగ కాదు. నేను అబద్ధం చెప్పాను. మీకూ చెప్పాను, సుభద్ర ఆంటీకీ చెప్పాను. అందుకని మామ పని పోయింది. ఇవాళ వెళ్ళి ఆంటీకి నిజం చెప్తాను. దాంతో మనం ఈ ఇల్లు వదిలి వెళ్ళిపోవాల్సి రావచ్చు. ఎందుకని ఎవరైనా అడిగితే, మా అమ్మ తప్పు చేసిందని చెప్పండి."

అనూష బూటు వైపు చూసింది. నా వైపు చూసింది. "మామకి భయం వేసిందా అమ్మా?" అంది.

"తెలీదు. నేను అడగలేదు. నాకు భయం వేసింది. అదొక్కటే చూసుకున్నాను."