ఊపిరి తగలని గీత

బొగ్గు గనిలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన హనుమండ్లు ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అటెండరు. ప్రయోగశాలలో బల్ల తుడిచేటప్పుడు మూతికి తువాల కట్టుకుంటాడు. అందరూ నవ్వుతారు. ఆ బల్ల మీద, అక్కడ పరిశోధన చేసే రబియా మేడం తయారుచేసిన, వెంట్రుక మందమంత వెడల్పున్న గాజు ఉంగరం ఉంటుంది. అది కాంతిలోంచి ఒక్క రంగునే ఏరుకుంటుంది. కాస్త వేడి తగిలితే ఇంకో రంగుకు మారుతుంది. ఏ రంగో కంప్యూటర్ తెర మీది గీత చెబుతుంది. నెల రోజులుగా ఆ గీత నిలవడం లేదు. రబియా ఉంగరం మీదికి వంగి చూసినప్పుడల్లా పక్కకు జరిగిపోతోంది.

"జర మూతికి అడ్డం కట్టుకోండ్రి మేడం," అన్నాడొకరోజు హనుమండ్లు. "గనిల గ్యాసున్నదా లేదా దీపం మంట చూసి చెప్తం. ఊపిరి తగిల్తె మంట అబద్ధం చెప్తది."

రబియా చున్నీ కట్టుకుని వంగింది. గీత కదల్లేదు. ఆమె చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

పరిశోధన పత్రం చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు రాసి చదివి వినిపించింది. హనుమండ్లు తువాల విప్పి భుజాన వేసుకున్నాడు.

"నాకన్న ముందుగాల, గనిల మా మీద పెద్దగ ఉండె సర్దార్ కొమురయ్య పేరు రాయుండ్రి. నాకు నేర్పింది ఆయినె. ఆయిన దీపం మంచిగ చూసినందుకె గదా, నాకియ్యాల ఊపిరున్నది."