తిరగ్గొట్టడానికి ఒక పతకం

హాంబుర్గులో పెద్దమనిషి అనిపించుకోవాలంటే రాజు ఇచ్చిన పతకాన్ని తిరగ్గొట్టాలి. మా ఊరికి రాజు లేడు, సెనేటే సమస్తం. పౌరుడి గుండె మీద ఏ పరాయి దొర బిళ్ళా వేలాడకూడదని పూర్వాచారం. మంచిదే. కానీ తిరగ్గొట్టాలంటే ముందు ఎవడో ఒకడు ఇవ్వాలి కదా! ఓడలకు మోకులు అమ్మే హార్మ్ స్ట్రుక్‌మన్ బతుకంతా ఈ చిక్కు దగ్గరే ఆగిపోయింది.

ఆయనది మా పక్కిల్లే. కొత్త రాజ్యాంగం వచ్చి ప్రజాసభకు ఎన్నికలు మొదలయ్యాక ఆయనా నిలబడ్డాడు. మా పాపకు మళ్ళీ విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వెళ్ళి అడిగాను.

"ఎల్బ నది నీళ్ళు ఇసకలో వడగట్టకుండానే కుళాయిల్లోకి వదుల్తున్నారండీ. సభలో అడుగుతారా?"

"నీళ్ళదేముందిలేవయ్యా. ముందు పరువు!"

ఆ పరువు కోసమే పొరుగున ఉన్న ప్రష్యా రాజుగారి విహారనౌకకు మోకులు ఊరికే పంపాడు. రాబోయే పతకాన్ని కాదనడానికి ఉపన్యాసం కంఠతా పట్టాడు. అద్దం ముందు రోజూ వల్లించేవాడు. గోడకివతల మాకూ వచ్చేసింది. ఆయన భార్య గేష విసుక్కునేది: "రాని చుట్టాన్ని గుమ్మంలోంచి గెంటడమేమిటండీ! పులుసు చల్లారిపోతోంది, రండి."

ఎన్నికకు ముందు ఆదివారం వర్తకుల విందుకు ప్రష్యా రాయబారి వచ్చాడు. ఓట్లున్న వాళ్ళంతా బల్లల చుట్టూ ఉన్నారు. స్ట్రుక్‌మన్ లేచి గొంతు సవరించుకున్నాడు. రాయబారి ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మీ మోకులు చూసి రాజుగారు తెగ ముచ్చటపడ్డారండీ. పతకం ఇద్దామన్నారు. హాంబుర్గు వాళ్ళకి అది అవమానమని నేనే వద్దన్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. స్ట్రుక్‌మన్ మొహం తెగిన మోకు కొసలా విడిపోయింది.

"అంటే... ఇవ్వరా?"

"మీరు తీసుకోరు కదండీ."

"తీసుకుంటాననుకోండి?"

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. ఆయన మీద పోటీకి నిలబడ్డ తారు వ్యాపారి వెనకనుంచి అరిచాడు: "ఒరే హార్మూ, బిళ్ళ పెట్టుకుని బెర్లిన్‌లో రాజుగారి తలుపు దగ్గర బంట్రోతులా నిలబడరా, బావుంటావు!"

సభకు ఆ తారు వ్యాపారే వెళ్ళాడు. స్ట్రుక్‌మన్ మాత్రం గడపగడపకూ తిరిగి, ముందు తీసుకుని తర్వాత తిరగ్గొడదామనే అలా అన్నానని చెప్పుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు. నేను నమ్మాను. అంతకు మించిన ఆలోచన ఆ బుర్రలో ఎన్నడూ పుట్టలేదు.