గుండుకు అంగి తొడిగిన ఉస్తాద్

ఉస్తాద్ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను నవ్వుతున్నానండి. ఇది ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక.

ఫోన్లో మా అమ్మాయి తన కూతుర్ని చూపిస్తోంది. పుట్టి ఒక్క రోజైన పాప. పెళ్ళయి ఇన్నేళ్ళకి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక లేదులే అని అందరం ఊరుకున్నాక పుట్టింది. ఆ గుప్పిట, ఆ ముక్కు! "అచ్చం మీ అమ్మ ముక్కేనే తల్లీ!" అంటూ వ్యాన్‌లో ఒక్కణ్ణే కూర్చుని పడీ పడీ నవ్వుతున్నాను. మధ్యలో మాతో పనిచేస్తూ ఉస్తాద్ రూమ్‌లోనే ఉండే నేపాలీ తమ్ముడు ఫోన్ చేశాడు. కట్ చేశాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్ చేశాను. వీడికి ఇప్పుడే గుర్తొచ్చానా అని విసుక్కున్నాను కూడా. చివరికి ఎత్తితే, "చాచా, ఉస్తాద్ లేవట్లేదు. ఒళ్ళు చల్లగా ఉంది" అన్నాడు హిందీలో.

అప్పటికీ నా మొహం మీద నవ్వు ఉంది. అది పోవడానికి కాస్త టైం పట్టింది. ఆ కాస్త టైమే నన్ను ఇవాళ్టికీ కోస్తోందండి.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. కోనసీమ నుంచి డ్రైవర్‌గా గల్ఫ్ వచ్చి, వయసు పైబడ్డాక లుసైల్ దాటి ఎడారిలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో వ్యాన్ తోలే డ్యూటీకి కుదిరాను. ఉస్తాద్‌ది నిర్మల్ వైపు అడవి పక్క ఊరు. క్లబ్బులో తుపాకులు తుడిచే పని ఆయనది. ఇద్దరం ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒకే పాత బిల్డింగులో ఉండేవాళ్ళం, ఆయన కింద, నేను పైన. పొద్దున్నే నా వ్యాన్‌లో పక్క సీట్లో కూర్చునేవాడు. వరల్డ్ కప్ వస్తోందని రోడ్లన్నీ తవ్వేసి, మూసేసి, కొత్తవి తెరిచేవారు కదండీ, నేను దారి తప్పినప్పుడల్లా ఒకటే మాట: "నిన్నటి రోడ్డు ఇయ్యాల మాఫీ. నీ తప్పు గాదులే, పోనియ్యి." మాఫీ అంటే ఇక్కడ లేదు అని.

క్లబ్బుకి ఒక ముసలి ఖతరీ పెద్దమనిషి వచ్చేవాడు. అర్బాబ్ అని పిలిచేవాళ్ళం, మన దొర అన్నట్టు. ఆయనకి గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దింపి, చువ్వతో దట్టించి పేల్చే తుపాకి అంటే ప్రాణం. ఉస్తాద్ ఊళ్ళో అలాంటిదాన్ని భర్మార్ అంటారట. వాళ్ళ నాన్న లైసెన్సు పెట్టుకుని మక్కచేను మీదికి అడవిపందులు రాకుండా దానితోనే కాపలా కాసేవాడట. అర్బాబ్‌ది బయటి దేశం నుంచి తెప్పించిన కొత్త రకం. ఆయనకి చేతులు వణుకుతాయి. ఇసక సంచి మీద ఆనించి కాలుస్తాడు గానీ దట్టించలేడు. దట్టించేది ఉస్తాద్, పక్కన నిలబడి మందు కొలిచి పోసేది నేను. వరల్డ్ కప్పుకి అర్బాబ్ స్నేహితులు విమానాల్లో దిగుతున్నారు. వాళ్ళ ముందు ఈ తుపాకి గురి తప్పకూడదు. అదీ ఆయన పట్టుదల.

ఆ తుపాకిలో గుండుని ఉత్తగా దింపరండి. గొట్టం కంటే గుండు సన్నం. అందుకని దానికి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. అర్బాబ్ దాన్ని సాబో అనేవాడు. ఉస్తాద్ అంగి అనేవాడు. వాళ్ళ వైపు చొక్కాని అలాగే అంటారు. పేలగానే ఆ అంగి రేకుల్లా విచ్చుకుని కొంచెం దూరంలోనే ఇసకలో పడిపోతుంది. గుండు ఒక్కటే ముందుకెళ్ళి గురి పెట్టిన అట్టకి తగులుతుంది. ఏ గుండుకి ఏ అంగి నప్పుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. తుపాకి తుపాకికీ వేరు. కాల్చి చూసుకోవడమే.

"అంగి వదులైతె గుండు ఊగుతది. బిగుతైతె దిగనే దిగది," అనేవాడు. "ఒక్కపారి ఒక్కటే మార్సాలె గోదారన్నా. గుండు మారిస్తె అంగి మార్సకు. రెండు మారిస్తె ఎవడు మంచోడో ఎవడు దొంగోడో ఎట్ల ఎరుకైతది?"

"అలాగేనండి ఉస్తాద్‌గారూ. ఈ గుండు ఇమ్మంటారాండి?"

"నీ అండీలకు మందు మెత్తవడ్తదే! యల్లా, ఇయ్యి."

ప్రతి దెబ్బకీ గొట్టం గుడ్డతో తుడవాల్సిందే. అర్బాబ్ తొందరపెడితే "సబర్, అర్బాబ్, సబర్" అని తన పని తను చేసుకునేవాడు. కాల్పులు ఆగి ఎర్రజెండా ఎత్తగానే ముందు అట్ట వైపు పోడు. వంగి ఇసకలో అంగీలు ఏరేవాడు. రేకు చిరిగిందా, అడుగు కరిగిందా, అన్ని రేకులూ సమంగా విచ్చాయా అని వేళ్ళతో తడిమి చూసి, అప్పుడు చెప్పేవాడు అట్ట మీద గుండ్లు ఎలా పడి ఉంటాయో. ఏరినవి ఖర్జూరం డబ్బాల్లో రకానికి ఒక డబ్బా చొప్పున దాచేవాడు. ఆ మందు మసి గోళ్ళలోంచి పోదని అన్నం చెంచాతోనే తినేవాడు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తున్నావని రూమ్‌లో వాళ్ళు వేళాకోళం చేస్తే, "గుడ్డు లేని శెనగపిండి ఆమ్లెట్ తింటున్నరు గదరా, వాసనన్న పీల్చుకోండ్రి" అనేవాడు.

ఆయనకి ఒక నియమం ఉండేది. ఒకసారి నేను రోడ్డు మీద ఎవడితోనో తగువు పడి వచ్చాను. నా మొహం చూసి మందు డబ్బా లాక్కున్నాడు. "నీ మొగం జూస్తె మందు దానంతల అదే అంటుకునేటట్టున్నది. అటు కూసో. కోపమున్నోడు, సంతోషమున్నోడు మందు ముట్టొద్దు."

"సంతోషంలో ఉన్నవాడేం చేశాడండీ పాపం?"

"ఆడే ఇంక ఖతర్నాక్. కోపమున్నోడు చేతులన్న జూస్కుంటడు. సంతోషమున్నోడు ఆకాశం జూస్తడు."

ఆ మాట విని నవ్వుకున్నాను.

పాప పుట్టిందని ఫోన్ వచ్చిన రోజు పొద్దున పాటలు పాడుకుంటూ వ్యాన్ తోలాను. రెండు మలుపులు తప్పాను. దారిపొడుగునా బిల్డింగుల మీద జెండాలు, బొమ్మలు, అన్నీ మా పాప కోసమే కట్టినట్టున్నాయి నాకు. తుపాకులు కాల్చే రేంజికి వెళ్ళగానే అందరికీ మిఠాయి పంచాను. మందు కొలిచి గొట్టంలో పోశాను. అర్బాబ్ "మబ్రూక్! మబ్రూక్!" అని నా భుజం తట్టాడు. పాప గురించి చెప్పాను. చెబుతూ చెబుతూ మళ్ళీ మందు కొలిచి పోశాను.

ఉస్తాద్ అంగి తొడిగిన గుండు దింపి చువ్వతో దట్టించాడు. చువ్వ మీద ఎర్రగీత ఉంటుంది. సరిగ్గా దిగితే ఆ గీత గొట్టం మూతి దగ్గరికి రావాలి. అది వేలెడు పైన ఆగిపోయింది. ఉస్తాద్ చువ్వ వదల్లేదు. తల తిప్పి నా వైపు చూశాడు. మందు రెండుసార్లు పోశానండి. అది అలాగే పేలి ఉంటే తుపాకి చెంపకి ఆనించుకున్న అర్బాబ్ ఏమయ్యేవాడో!

ఉస్తాద్ అరవలేదు. "పాప పుట్టిందని అర్బాబ్ మొగాన్ని పటాక చేస్తవానే?" అన్నాడు మెల్లగా, తెలుగులో, అర్బాబ్‌కి అర్థం కాకుండా. గుండు బయటికి లాగి, మందు కుమ్మరించి, గొట్టం కడిగాడు. "పో, ఆ నీడల బకెట్ బోర్లించుకొని కూసో. సంతోషం సల్లారినంక రా."

"రేపటికి చల్లారుతుందిలెండి."

"సల్లారకపోతె ఎల్లుండి రా. తొందరేమున్నది?"

ఆ పూట నా పని, తన పని రెండూ ఆయనే చేశాడు. ఎండాకాలం చివర్లో ఆ ఉక్క మీకు తెలుసు, గాలి కూడా తడిబట్టలా అతుక్కుంటుంది. కొలవడం, దట్టించడం, తుడవడం, అట్ట దాకా నడవడం, ఏరుకుంటూ రావడం. ఒకసారి బల్లకి ఆనుకుని ఎడమ భుజం పట్టుకుని నిలబడ్డాడు. చూశాను. "నేను రానాండీ?" అన్నాను. "కూసో అన్న గద," అన్నాడు. కూర్చున్నాను. కూర్చుని మళ్ళీ ఫోన్లో పాపని చూసుకున్నాను.

అదండి నేను చేసింది. అంతకంటే ఏం లేదు.

చివర్లో కాల్చిన మూడు గుండ్లూ నీళ్ళ సీసా మూత కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. అర్బాబ్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి "ఖలాస్!" అన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఒక్కరోజు గురి నమ్మకూడదట. అదే గుండు, అదే అంగి, బుక్రా, అంటే రేపు, మళ్ళీ చూద్దామన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు వ్యాన్‌లో పాప ఫొటో అడిగి చాలాసేపు చూశాడు. "అంగి వదులు తొడుగుమను బిడ్డెకు. ఊపిరాడాలె," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. దిగేటప్పుడు కూడా నవ్వుతూనే దిగాడు.

తెల్లారేసరికి లేడు. గుండె ఆగిందన్నారు. అది ఎప్పుడైనా జరగొచ్చు, ఎండకీ దానికీ సంబంధం ఉందో లేదో చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని నిద్రపోదామని చూస్తాను. రాదు.

మ్యాచులు అయ్యేదాకా మాకెవరికీ సెలవుల్లేవు. ఉస్తాద్ శవపెట్టె వెనకాల ఎయిర్‌పోర్టు దాకా వ్యాన్ తోలుకుంటూ వెళ్ళి అక్కడే ఆగిపోయాను. తర్వాత వాళ్ళావిడకి ఫోన్ చేశాను. ఆమే అడిగింది: "అన్నా, మీ ఇంట్ల పాప పుట్టిందట గద? ఆయిన ఆ రాత్రే ఫోన్ల జెప్పిండు. మస్తు సంబురపడ్డడు. తల్లీబిడ్డ మంచిగున్నరా?"

బాగున్నారమ్మా అన్నాను. ఆ ఇల్లాలు ఆ ఏడుపులో నా బిడ్డ బాగోగులు అడిగిందండి. అంతకంటే ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇక్కడ మాకు చర్చి శుక్రవారమే. ఆ ప్రార్థనలో పాప గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. ప్రభువుకి స్తోత్రం అన్నాను. ఆ తర్వాత ఏ మాట ఎత్తినా ఉస్తాద్ భుజం పట్టుకుని నిలబడి కనిపిస్తున్నాడు. కూర్చుండిపోయాను. ఏడుస్తున్నాను, అది అబద్ధం కాదు. కానీ ఏడుస్తూనే ఫోన్ తీస్తాను. పాప ఆవలిస్తే చాలు, నవ్వేస్తాను. నా సంతోషం నా మాట వినడం లేదు.

కొన్నాళ్ళకి అర్బాబ్ వచ్చాడు. ఉస్తాద్ మిగిల్చిన ఆ గుండూ ఆ అంగీ ఇంకొక్కసారి చూడాలన్నాడు. ఆయన పక్కన ఇన్నాళ్ళు నిలబడింది నువ్వే, నువ్వే దట్టించు అన్నాడు. వచ్చీరాని అరబీలో, హిందీలో ఉస్తాద్ నియమం చెప్పాను. "నా సంతోషం ఇంకా పోలేదు అర్బాబ్. నేను ముట్టుకోకూడదు." అర్బాబ్ నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

నేపాలీ తమ్ముడు దట్టించాడు. నేను ఆ నీడలో, ఆ బకెట్ మీదే కూర్చుని ఉస్తాద్ మాటలు ఒక్కొక్కటే అందించాను. ఇప్పుడు తుడువు. ఇప్పుడు మందు, ఒక్కసారే. గీత చూడు, గీత మూతి దగ్గరికి వచ్చిందా? వచ్చింది చాచా. అర్బాబ్ కాల్చాడు. ఎర్రజెండా ఎత్తాక వాళ్ళిద్దరూ అట్ట వైపు పరుగెత్తారు. నేను ఇసకలో వంగాను.

అంగి దొరికింది. రేకులన్నీ సమంగా విచ్చుకున్నాయి. ఒక్కటీ చిరగలేదు. అట్ట దగ్గర అర్బాబ్ కేకలు వినిపిస్తున్నాయి. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. మా అమ్మాయి. ఎత్తాను. తెర నిండా పాప, వదులు చొక్కాలో, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నవ్వొచ్చింది. రెండో చెయ్యి మూసుకునే ఉంది. అందులో ఉస్తాద్ అంగి ఇంకా వెచ్చగా, మెల్లగా చల్లారుతోంది.