పసుపు సంచుల మీద భూరి: నిజాంసాగర్ నీళ్లలో ఓ ముసలి కుక్క నావ ప్రయాణం

భూరికి పన్నెండేళ్లు. కోటగిరి అవతల మా అన్న చేను పక్కనుంచే నిజాంసాగర్ కాలువ పారుతుంది. భూరి పుట్టింది ఆ గట్టు మీద, బతుకులో సగం గడిపింది ఆ నీళ్లలో. పొద్దున ఒకసారి, ఎండ వాలాక ఒకసారి, ఎవరూ పిలవకపోయినా దూకేది, ఎదురీదేది, గట్టెక్కి పక్కనున్న మనిషి మీదే ఒళ్లు దులిపేది. రెండేళ్ల కిందట వెనక కాళ్లు పట్టు తప్పాయి. పశువుల డాక్టరు దగ్గరగా ఉంటాడని నిజామాబాద్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. మొన్న దసరాకు మళ్లీ చేనికి తీసుకుపోతే, మేమంతా అన్నాల దగ్గర ఉన్న సమయం చూసి, ఒళ్లు ఈడ్చుకుంటూ పోయి కాలువలో దూకింది. ముందు కాళ్లు కొట్టుకుంటున్నాయి, వెనక కాళ్లు ఊరికే వేలాడుతున్నాయి. అన్న లుంగీతోనే దూకి తూము దగ్గర దాన్ని దొరకబుచ్చుకున్నాడు. ఇంకో పది గజాలు పోయి ఉంటే దక్కేది కాదు.

అంత జరిగినా దానికి బుద్ధి రాలేదు. ఇంట్లో నల్లా విప్పితే చాలు, చెవులు నిక్కించి మూలుగుతుంది. "ఈత మాట మరిచిపోండి" అన్నాడు డాక్టరు. నేను మరిచిపోగలను, దానికెవరు చెప్పాలి? ఈదనివ్వలేకపోయినా, నీళ్ల మీదికి ఒక్కసారైనా తీసుకుపోవాలనిపించింది. పోతే దాని కాలువకు నీళ్లు పంపే నిజాంసాగర్‌కే పోవాలి. భయం కూడా అక్కడే ఉంది. నావలో నిలవక దూకితే? ఇద్దరు మనుషులకే ఇరుకయ్యే నావ ఒరిగితే? ముసలి కుక్కతో ఇలాంటి పని పెట్టుకోవాలనుకునే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను దర్జీదాన్ని. అందుకని ముందు చేసిన పని కుట్టడం. థర్మాకోల్ ముక్కలు లోపల పెట్టి భూరికి ఒక కోటు కుట్టాను. నాలుగంగుళాల స్పాంజి పరుపు కోసి, పువ్వుల గుడ్డతో గలేబు కూడా వేశాను. దాని మెడ పట్టాకు కట్టడానికి కొత్త తాడు కొన్నాను. చివర్లో, అడుగున పరచడానికి రెండు గోనెసంచులు తీసుకున్నాను. అన్న ఏటా పంపే పసుపు కొమ్ముల సంచులు తప్ప మా ఇంట్లో ఇంకో గోనెసంచి ఉండదు. అన్న దగ్గరా, ఇక్కడా భూరి చిన్నప్పటినుంచీ పడుకునేది అలాంటి సంచుల మీదే. బాగా దులిపి, తిరగేసి మడత పెట్టుకున్నాను. దులిపితే పసుపు పోతుందా? పసుపు పండే ఇంట్లో పుట్టి కూడా ఆ ఇంగితం నాకు లేకపోయింది.

బస్సులో కుక్కను ఎక్కనివ్వరు కాబట్టి ఖలీల్ భాయ్ ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. మా వీధిలోనే ఉంటాడు, పోనురాను రెండున్నర వేలు. పొద్దున ఐదున్నరకు బయలుదేరాం. మంచు దట్టంగా ఉంది. ఆరున్నరకు బోధన్ చేరి చాయ్ తాగుతుండగా చూశాం, వెనక ట్రాలీలో భూరి ప్రతి గుంతకూ ఎగిరిపడి అలసిపోయింది. పరుపు మీద నిలవలేక పక్కకు జారి, ఉత్త రేకు మీద పడుకుంది. "గీ పరుపు మీద నేను గూడ జారుత అక్కా," అన్నాడు ఖలీల్ భాయ్. ఊరు దాటి రుద్రూర్ తోవ పట్టాక, చెరుకు కొడుతున్న ఒక మడి దగ్గర బండి ఆపాడు. కొట్టేవాళ్లు మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు. ఎండు చెరుకాకు కొంచెం కావాలని అతడు చేతులతో చూపిస్తే, ఒకావిడ మరాఠీలో "ఘే, ఘే", తీసుకో తీసుకో, అంటూ తనే రెండు పెద్ద మోపులు ఎత్తి ట్రాలీలో వేసింది. ఆకు మీద గోనెసంచులు పరిచాం. భూరి ముక్కు వాటికి ఆనించి, రెండు సార్లు గుండ్రంగా తిరగబోయి, కాళ్లు సహకరించక అలాగే ఒరిగిపోయింది. బాన్సువాడ దాటేదాకా లేవలేదు.

తొమ్మిదికి కొంచెం ముందు నిజాంసాగర్ వెనక నీళ్ల ఒడ్డుకు చేరాం. బండి దిగి నీళ్ల అంచుదాకా నడిచాను. కాలువ చూసి పెరిగినదాన్ని, కట్ట మీదనుంచి ప్రాజెక్టు కూడా చూసినదాన్ని, కానీ నీళ్ల మట్టానికి దిగి ఎప్పుడూ చూడలేదు. అవతలి ఒడ్డు లేదు. మంచు, నీళ్లు ఒకటే రంగులో ఉన్నాయి, మధ్యలో ఎక్కడో బాతుల గుంపు అరుపు వినిపిస్తోంది గానీ కనిపించడం లేదు. మా అన్న చేను, పక్క చేను, బోధన్ దాకా ఉన్న చెరుకంతా తాగేది వీటినేనా అనుకుంటే ఒళ్లు ఝల్లుమంది. ఇంతలో వెనకనుంచి ఆడమనిషి నవ్వు.

"గిదేంది అక్కా, కుక్కకు లగ్గం చేస్తున్నవా?"

ఆమె గంగామణి. నిజామాబాద్‌లో మేం చేపలు కొనే ఆమెకు చెల్లెలు, మేం ఎక్కబోయే నావ ఆమె భర్త పోశెట్టిది. వాళ్లతో ఫోన్‌లో మాట్లాడే వచ్చాను. తిరిగి చూస్తే భూరి పొట్ట, గదవ, నాలుగు కాళ్లు పచ్చగా ఉన్నాయి. దారిపొడుగునా మంచుకు సంచులు తడిసి, పసుపంతా దాని ఒంటికి పట్టింది. నా చేతులకు, చీరకు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

పోశెట్టి మాత్రం నవ్వలేదు. నావ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. చెప్పుకాళ్లతో దాన్ని ఎవరూ తొక్కరు. "ఫోన్ల సరే అన్న గని అక్కా, మనసు ఒప్పుతలేదు. గంగమ్మ కూసునే జాగ. కుక్కనెట్ల ఎక్కియ్యాలె?" అన్నాడు. కాదంటే వెనక్కి తిరగడమే. బతిమాలడానికి నోరు తెరిచేలోపు గంగామణి అందుకుంది.

"గంగమ్మ కాడికి మనం ఎట్ల వస్తం? పసుపు పెట్టుకొనే గద. నువ్వు ఇయ్యాల మొఖం గూడ సక్కగ కడుక్కోలే. అది నిండ పూసుకొని వచ్చింది. ఎవలు నయం, చెప్పు?"

పోశెట్టి భూరిని ఒకసారి, భార్యను ఒకసారి చూసి, మొలకు కట్టిన తువ్వాల విప్పి నావ తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత నా సామాను తనిఖీ జరిగింది. "గీ పరుపు కుక్కకా, దొరకా?" అని స్పాంజిని ఒడ్డుకు విసిరేశాడు. కుక్క ఎంత ఎత్తున కూర్చుంటే నావ అంత ఊగుతుందట, పైగా నీళ్లు తాగిన స్పాంజి మనిషంత బరువవుతుందట. కోటు మాత్రం తొడగమన్నాడు. నేను పట్టా తాడును అడ్డచెక్కకు కడుతుంటే చెయ్యి పట్టి ఆపినంత పని చేశాడు. "కట్టకుండ్రి. నావ బోర్ల పడ్డదనుకో, దాంతోటే కిందికి పోతది. ఇడిసిపెడితే ఈ కోటుతోటన్న తేలుతది." నడిమధ్యలో, అడుగు చెమ్మ తగలకుండా జానెడు మందాన చెరుకాకు పరిచి కాళ్లతో అణిచాడు. దాని మీద అవే పసుపు సంచులు, గోళ్లు జారకుండా కొద్దిగా తడిపి. ఎండ తగలకుండా కప్పడానికి గంగామణి ఒక పాత నూలు చీర ఇచ్చింది.

ఇంక బయలుదేరుదామని నేను భూరిని ఎత్తుకోబోతే, "ఇప్పుడే నీళ్లల్లకు వద్దు," అన్నాడు. నావ అప్పటికింకా ఇసుక మీదే ఉంది. భూరిని అందులో పడుకోబెట్టి మేం పక్కకు వచ్చి కూర్చున్నాం. అది రెండుసార్లు అంచు మీదనుంచి దొర్లి బయటపడింది, రెండుసార్లూ పోశెట్టి మళ్లీ లోపల పెట్టాడు. గంగామణి జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. ఖలీల్ భాయ్ మూడు రొట్టెలు తిని, తనకు ఈత రాదని, ఒడ్డునే ఉంటానని ప్రకటించాడు. గంట గడిచాక చూస్తే భూరి సంచిలో మూతి దూర్చి గురక పెడుతోంది. నేను సిగ్గుపడిన ఆ పసుపు వాసనే దానికి ఇల్లు.

నిద్ర చెడకుండా నావను నీళ్లలోకి తోశారు. నేను ముందు, పోశెట్టి వెనక తెడ్డుతో, మధ్యలో భూరి. మంచు విడిపోతోంది. నీళ్ల మీద ఎండ పరుచుకుంటున్నకొద్దీ కొంగలు, బాతులు ఎక్కడికక్కడ బయటపడుతున్నాయి, ఒకటి రెండు కాదు, చూపు ఆనినంత మేర. ఒక గుంపు లేచి మా నెత్తి మీదుగా పోయింది. ఆ రెక్కల గాలికి భూరి కళ్లు తెరిచింది.

చుట్టూ నీళ్లు చూసింది. చెవులు నిక్కాయి. ముందు కాళ్ల మీద లేచి, ఒక్క ఊపున అంచు మీదికి వంగింది. నావ ఆ పక్కకు ఒరిగింది, చల్లటి నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. తూము దగ్గర అన్న మొహం కళ్ల ముందు కదిలింది. పట్టుకోవడానికి లేవబోయాను.

"లేవకుండ్రి!" పోశెట్టి గొంతు పెరగలేదు గానీ గట్టిగా ఉంది. "గుంజకుండ్రి. వీపు మీద చెయ్యి పెట్టి ఊకె ఉండుండ్రి. పైలం."

తను అవతలి పక్కకు కొద్దిగా ఒరిగి నావను నిలబెట్టాడు. నేను చెయ్యి పెట్టాను. కోటు అంచు కింద దాని గుండె దడదడా కొట్టుకుంటోంది, నాది అంతకంటే ఎక్కువ. భూరి దూకలేదు. గదవ అంచు మీద పెట్టి, నీళ్లను చాలాసేపు వాసన చూసింది. నాలుక చాపి రెండు గుక్కలు తాగింది. తర్వాత ఒక నిట్టూర్పు విడిచి, సంచుల మీద పక్కకు ఒరిగింది, కళ్లు మాత్రం నీళ్ల మీదే. పోశెట్టి తెడ్డు వేశాడు. నావ సాగింది. భూరి ముందు కాళ్లు మెల్లగా ఆడడం మొదలుపెట్టాయి. తెడ్డు పడినప్పుడల్లా ఒక బార. కాసేపటికి వెనక కాళ్లు కూడా కదిలాయి. రెండేళ్లుగా ఈడ్చుకుంటున్న ఆ కాళ్లు, చెరుకాకు మీద, గాలిలో, ఈదుతున్నాయి. పోశెట్టి తెడ్డు ఆపలేదు. అలా ఎంతసేపు తిప్పాడో నాకు తెలియదు. నేను ఏడుస్తూ ఉన్నాను.

ఒడ్డుకు వచ్చాక మళ్లీ ఎత్తుకునే దించాల్సి వచ్చింది. మహిమలేమీ జరగలేదు, దాని కాళ్లకు పట్టు తిరిగి రాలేదు. పోశెట్టి ఐదు వందలు తీసుకుని, "మల్ల తీస్కరాండ్రి" అన్నాడు. పువ్వుల పరుపు గంగామణి కోళ్లకు పోయింది. రెండింటికి బయలుదేరి చీకటి పడకముందే ఇల్లు చేరాం. ఆ నీళ్లు అంత పెద్దవని తెలియక ఇన్నాళ్లూ కాలువే లోకమనుకున్నాను. ఒడ్డు కనబడని నీళ్ల నడుమ, దాని ఈతకు కావలసినవి నేను కుట్టినవేవీ కావని తెలిసింది. ఓ ఎండుటాకు పక్క, ఇంటి వాసన, తొందరపెట్టని ఒక మనిషి, అంతే.

మీరు పోయేటట్టయితే నాదొక్కటే సలహా. కొత్త పరుపులు కొనకండి, ఇంట్లో అది రోజూ పడుకునే గోనెనే తీసుకుపోయి, నావ ఒడ్డున ఉండగానే దాని మీద ఓ నిద్ర పోనివ్వండి. ఎంత మురికిదైనా ఉతక్కండి. మా భూరి పొట్ట మీద పసుపు ఇంకా పోలేదు, నేనూ కడగలేదు. ఇప్పుడు నల్లా విప్పితే అది మూలగడం లేదు, కళ్లు మూసుకుని నాలుగు కాళ్లూ ఆడిస్తోంది.