రెండో సగంలో దయ్యం లేదు

ఆపరేటర్ అంకుల్ పోయారని మొన్న మంగళవారం పొద్దున వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పింది. నేను సుచిత్ర చౌరస్తా దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ అంకుల్ లేడు బిడ్డా" అని ఆమె అన్నాక నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఎక్కడికి వెళ్లాలో మర్చిపోయి, వచ్చిపోయే బస్సులన్నీ చూస్తూ ఉండిపోయాను.

మచ్చ బొల్లారంలో మా పక్కిల్లే ఆయనది. మేడ్చల్ రోడ్డులో ఒకప్పుడున్న సినిమా హాల్లో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపారు. హాలు మూతపడ్డాక ఇంటిపట్టునే ఉండేవారు. నేను ఒక వెబ్‌సైట్‌కు సినిమా సమీక్షలు రాస్తాను. మిగతావాళ్లు వద్దనడం వల్ల దయ్యాల సినిమాలు నా వంతుకు వచ్చేవి. నేనేమో వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాలన్నా ఇంట్లో లైట్లన్నీ వేసుకునే మనిషిని. అంకుల్ నా సమీక్షలు ఒక్కటీ వదిలేవారు కాదు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చదివేవారు.

దయ్యాల సినిమా బాగోగులు తేల్చడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ప్రొజెక్టర్ గదిలో మెషిన్ చప్పుడుకు మాటలు సరిగ్గా వినబడవట. అందుకని గోడకున్న చిన్న అద్దంలోంచి తెరతో పాటు జనాన్నీ చూసేవారు. "దయ్యం వచ్చినంక గాదు బిడ్డా, రాకముందు జూడాలె. రెండు తలకాయలు దగ్గరికి జరిగినయంటే సినిమా మంచిగున్నట్టు" అనేవారు. ఒట్టి శబ్దంతో బెదరగొట్టే సినిమాలంటే ఆయనకు పడదు. "సప్పుడుకు ఉలికిపడుడు భయం గాదు. కుక్కర్ కూసినా ఉలికిపడ్త. ఇగ డైరెక్టరు ఆమె దయ్యం ఎందుకైందో కథ చెప్పుడు షురూ జేసిండంటే, జనం సమోసాలకు లేస్తరు." ఈ మాటలు నావన్నట్టు నా సమీక్షల్లో ఎన్నిసార్లు రాసుకున్నానో.

పోయిన వానాకాలం ఒక సినిమా వచ్చింది. చనిపోయిన తల్లి ఊపిరి చప్పుడు ఇంట్లో కూతురికి ఒక్కదానికే వినబడుతూ ఉంటుంది. ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాను. అంతకు ముందు ఏడాదే మా అమ్మ ఆసుపత్రిలో పోయింది. ఆఖరి రోజు ఆమె ఊపిరి వినలేక నేను వరండాలోకి వెళ్లిపోయాను. తిరిగి లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సినిమా నుంచి ఇంటికొచ్చి, "మొదటి సగం పరవాలేదు, రెండో సగంలో దయ్యం మేకప్ తేలిపోయింది" అని రాసి పంపేశాను.

రెండు రోజులకు అంకుల్ మా గేటు దగ్గరికి వచ్చారు.

"నిన్న నేను గూడ జూసిన బిడ్డా. రెండో సగంల దయ్యమే లేదు గదా," అన్నారు మెల్లగా.

ఇది ఎడిటర్ చెవిన పడితే నా పని పోతుంది. ఆయన మాత్రం కోప్పడలేదు. "రేపు మ్యాట్నీకి పోదాం. నేను ఇంకోపారి జూస్త" అన్నారు.

హాల్లో పదిమంది కూడా లేరు. రెండో సగమంతా ఒకటే గది. ఆ తల్లి చివరి రోజు మళ్లీ వస్తుంది. మంచం పక్కన కూతురు కూర్చుని ఉంటుంది. అంతే. లేవబోతూ అంకుల్ వైపు చూశాను. ఆయన ముందు సీటును రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"మీక్కూడా భయంగా ఉందా?"

"మస్తు. ముప్పై ఏండ్లు అద్దం ఎనకకెల్లి జూసిన. ముందట కూసుంటే వేరేగున్నది." నా వైపు తిరిగి, "పోతే పోదాం. గని సూడకుంట మంచిగలేదని రాయకు" అన్నారు.

చివరిదాకా కూర్చున్నాం. బయట టీ బండి దగ్గర అమ్మ సంగతి మొదటిసారి ఆయనకు చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "మరి గదే రాయి. నిన్ను లేపి బయటికి పంపిందంటే, గంత బలమున్నది గా సినిమాకు" అన్నారు. సగంలో పారిపోయానని ఒప్పుకుంటూ మళ్లీ రాశాను. ఎడిటర్ నెల రోజులు పని ఇవ్వలేదు.

ఈ మధ్య ఊపిరితిత్తులు దెబ్బతిని ఆయన ఆసుపత్రిలో చేరారు. పోయే ముందు ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. వార్డు తలుపు దగ్గరికే ఆయన ఊపిరి వినబడింది. వెనక్కి తిరిగాను కూడా. వాళ్లావిడ నన్ను చూసి, మంచం పక్కకు స్టూలు జరిపింది. వెళ్లి కూర్చున్నాను.

ఆయన మాస్కు కొంచెం ఎత్తి, "భయమైతాంది బిడ్డా" అన్నారు.

"నాకూ భయంగానే ఉంది అంకుల్," అన్నాను. అంతకన్నా మంచి మాట దొరకలేదు.

ఆయన తలూపి, "గీ వారం ఏం జూసినవ్?" అని అడిగారు. ఒక పాత బంగళా సినిమా కథ చెప్పడం మొదలుపెట్టాను. నా రెండు వేళ్లు పట్టుకుని వింటూ వింటూ నిద్రపోయారు.

మంగళవారం సాయంత్రం శామీర్‌పేట దగ్గర వాళ్ల ఊళ్లో దహనం చేశారు. దగ్గరికి వెళ్లే ధైర్యం చాలక నేను రోడ్డు మీద, ఆటో పక్కనే నిలబడ్డాను. అక్కడ నా కళ్ల ముందున్నది ఆ ఆదివారమే. రోగుల్ని చూసే టైమైపోయిందని వార్డు ఆయమ్మ వచ్చి చెబితే, ఆయన నిద్ర చెడకుండా నా వేళ్లు మెల్లగా బయటికి లాక్కున్నాను. ఆయన పిడికిలి మూసుకోలేదు. రెండు వేళ్లు పట్టేంత సందుతో, దుప్పటి మీద అలాగే వంగి ఉండిపోయింది.