ఏడో పాఠంలో మిగిలిన సగం

నేను పనిచేసిన ఆ డిగ్రీ కాలేజీలో మొదటి అంతస్తు చివరి గదిలో గోడంత డిజిటల్ బోర్డు ఒకటుంది. వేలితో తాకితే రంగురంగుల మ్యాపులొస్తాయి. దాన్ని తెప్పించింది నేనే. చూపులేని ఒక అమ్మాయి చదువు కోసం తెప్పించాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకైతే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మాది నల్లగొండ వైపు, నార్కట్‌పల్లి. చరిత్ర లెక్చరర్‌గా నన్ను నారాయణపేట దగ్గరికి బదిలీ చేశారు. అప్పటికే జిల్లాలు విడిపోయాయి. గేటు మీద జిల్లా పేరు మారింది గానీ గోడల పెచ్చులు పాతవే. ఆ ఏడాదే ఆ అమ్మాయి బీఏలో చేరింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి చూపు పోయిందట. ఇంట్లో మగ్గం నేస్తారు. పక్కన కూర్చునే స్నేహితురాలు పుస్తకం చదివి వినిపిస్తే ఈమె విని అప్పజెప్పేది. రెండో ఏడు ఆ స్నేహితురాలు చదువు మానేసి పాలమూరులో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. ఇక చదివి వినిపించేవాళ్లు లేరు.

నువ్వూ మానేస్తావా అని అడిగాను. మెత్తగా అడగడం నాకు చేతకాదు.

"ఇననీకి ఏదన్న ఉంటే చాలు మేడం, మానెయ్య" అంది.

మర్నాటి నుంచి బెల్లుకు అరగంట ముందే వచ్చి, ఖాళీ గదిలో కూర్చుని, పాఠం చెబుతూ ఫోనులో రికార్డు చేసేదాన్ని. దాన్ని ఆమె బటన్ల ఫోను మెమరీ కార్డులో వేసిచ్చేదాన్ని. మధ్యమధ్య బస్సు హారన్లు, నా దగ్గు. వారానికో పాఠం. వారం తిరిగేసరికి పాఠమంతా అప్పజెప్పి, నేనెక్కడెక్కడ దగ్గానో కూడా చెప్పేది. దగ్గు పరీక్షలో రాదే అంటే నవ్వేది.

అంతలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఏ విద్యార్థీ వెనకబడకుండా టెక్నాలజీతో పాఠాలు చెప్పే కాలేజీలకు నిధులిస్తారట. ఎగిరి గంతేసినంత పని చేశాను. పుస్తకాన్ని స్కాన్ చేసి తెలుగులో పైకి చదివే కంప్యూటర్ ఒకటి కావాలని దరఖాస్తు నింపాను. ఎంతమందికి ఉపయోగం అన్న గడిలో ఒకటి అని వేశాను.

ప్రిన్సిపాల్ సార్ చెడ్డవాడేం కాదు. కాగితం చదివి కళ్లజోడు తీశాడు. "ఒక్క పిల్ల కోసం ఎవరిస్తరు మేడం? కాలేజి మొత్తానికని రాయుండ్రి. అందరికొస్తే అండ్ల ఆ పిల్లకు రాదా?" అన్నాడు.

నిజమే అనిపించింది. మన దగ్గర పనులు జరిగే తీరే అది. ఒకరి అవసరాన్ని ఊరందరి పేర అడగాలి, అప్పుడే ఫైలు కదులుతుంది. ఒకటి కొట్టేసి కాలేజీ పిల్లలందరి లెక్కా వేశాను. ఎందుకైనా మంచిదని "ఆధునిక తరగతి గది" అన్న మాట కూడా చేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మంజూరైందని కబురొచ్చిన పొద్దున ఏడో పాఠం రికార్డు చేస్తున్నాను. కాకతీయుల కాలం చెరువులు. సగంలో ఉండగా గుమస్తా తలుపు తోసుకొచ్చి చెప్పాడు. అక్కడికే ఆపేసి, ఆ సగం పాఠం ఆమెకిచ్చి, మిషన్ వస్తోందమ్మా, ఇక పుస్తకమంతా అదే చదువుతుంది అన్నాను. మర్నాటి నుంచి నేను బెల్లు వేళకే వచ్చాను. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడం అంటారు. ఇక్కడ ముంత ఆమెది, ఒలకబోసింది నేను.

మిషన్ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చింది ఆ బోర్డు. ఎక్కువమందికి పనికొచ్చేది అదేనని పైవాళ్లు తేల్చి, చదివే కంప్యూటర్‌ను జాబితాలోంచి తీసేశారట. నా దరఖాస్తు చూస్తే వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ప్రారంభం రోజు ఫొటో కోసం ఆ అమ్మాయిని ముందు నిలబెట్టారు. ఆమె చెయ్యి పట్టుకుని బోర్డు మీద పెట్టింది నేనే.

"నున్నగున్నది మేడం" అంది మెల్లగా. "గిది మాట్లాడుతదా?"

మాట్లాడదన్నాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ మధ్యాహ్నమే, ఏ పనికి అడిగామో ఆ పనికే వాడుతున్నామని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను.

మళ్లీ రికార్డు చెయ్యొచ్చు కదా అని మీరడగొచ్చు. నన్ను నేనూ అడిగాను. సిగ్గేసి ఆమెకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. చూపులేని పిల్లకు ముఖం చాటేసిన ఘనత నాది. సెలవుల తర్వాత ఆమె రాలేదు. పరీక్ష ఫీజు గడువూ దాటిపోయింది.

చాలా నెలలకు ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. నూలు తెగితే వేళ్లతో తడిమి ముడేస్తోంది. గడపలో నాకు దగ్గొచ్చింది. నేను నోరు తెరవకముందే "మేడం" అంది.

చదువు సంగతి ఎత్తలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పాఠాలు ఇంకా వింటోందట, పని చేసుకుంటూ.

"ఏడోది సగమే ఉన్నది మేడం. చెరువుకు తూము కట్టేకాడ ఆగింది. మిగిలింది రేపు చెప్తనని అన్నరు అండ్ల."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. గొంతు సవరించుకుని, ఇప్పుడే చెబుతాను, ఫోను తియ్యి అన్నాను. ఆమె చెయ్యి రాట్నం మీంచి తియ్యలేదు.

"ఇప్పుడొద్దు మేడం. నాయినకు మాపటికల్ల కండెలు గావాలె. రేపు చెప్పుండ్రి."

సరేనన్నాను. ఆ నెలలోనే నన్ను నల్లగొండకు బదిలీ చేశారు. నేను మళ్లీ వెళ్లలేదు.