మస్తాన్ సార్ బ్యాండు పిల్లలు

నిన్న తిరుపతిలో మా ఇంటి ముందు నుంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. క్లారినెట్ ఒక్కసారి కీచుమనగానే దాని మూతిలో బిగించే వెదురు రెక్క తడిసిన రుచి నా నాలుక మీద తగిలింది. రేణిగుంటలో మస్తాన్ సార్ నా చేత మొదటిసారి ఊదించిననాటి రుచి అది.

సార్ పెళ్ళిళ్ళ బ్యాండులో వాయించేవారు. సాయంత్రాలు రైలు పట్టాల పక్కనున్న రేకుల షెడ్డులో మా రెండు వీధుల పిల్లలకూ ఊరికే నేర్పేవారు. నీళ్ళ కొళాయి దగ్గర కొట్టుకున్నప్పటి నుంచి ఆ రెండు వీధుల పెద్దల మధ్య మాటల్లేవు. ఆడపిల్లనని నన్ను మా నాయన పంపనన్నాడు.

"బ్యాండు కొట్టే పిల్లను రేపు ఎవురు సేసుకుంటారు సార్?"

"ముందు కూసోని ఇనప్పా. బాగలేకుంటే పిలుసుకొని పో."

నాయన విన్నాడు. మర్నాడూ వచ్చాడు. కొన్నాళ్ళకు, కొళాయి గొడవలో తన తల పగలగొట్టిన మనిషి పక్కనే కూర్చుని, "మీవాడు డ్రమ్ము బాగా కొడతాండాడు" అన్నాడు. ఆ వేసవిలో కొళాయి దగ్గర ఎవరూ అరుచుకోలేదు.

ఈ సంగతి విని పట్నం నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చారు. సంగీతంతో ఊళ్ళు బాగుపడతాయని మాకే బోధించారు. సార్ సరేనంటే షెడ్డు తీసుకున్నారు, కొత్త వాయిద్యాలు తెచ్చారు, మమ్మల్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. సార్‌కు సర్టిఫికెట్ లేదని వేరే మాస్టారును పెట్టారు. వార్షికోత్సవంలో సార్‌కు శాలువా కప్పి, కింద కుర్చీల్లో కూర్చోబెట్టారు.

"పిల్లోళ్ళకు కొత్తవి వచ్చినాయి గదమ్మా, నాకేం బాధ" అన్నారు సార్, నా వైపు చూడకుండా.

కొన్నేళ్ళకు వాళ్ళ కార్యక్రమం ముగిసింది. వాయిద్యాలు వ్యానెక్కి వెళ్ళిపోయాయి, షెడ్డు గోడౌనైంది. మళ్ళీ నీళ్ళ కరువు రాగానే కొళాయి దగ్గర కర్రలు లేచాయి. డ్రమ్ము కొట్టే అబ్బాయి చేయి విరిగింది. విరగ్గొట్టింది అతని పక్కన నిలబడి బాకా ఊదినవాడే.

నేను సార్ ఇంటికి పరిగెత్తాను. "మా మిద్దె మీద మళ్ళీ మొదలుపెడదాం సార్."

"ఊదేదానికి నోట్లో పండ్లు యాడున్నాయమ్మా? ఉన్నా, ఏ మొగం పెట్టుకోని పిలిసేది? వాళ్ళ సేతికి మిమ్మల్ని అప్పజెప్పింది నేనే గదా."

ఆయన పోయిననాడు రెండు వీధులవాళ్ళూ వచ్చారు. ఎవరి వైపు వాళ్ళు నిలబడి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇప్పుడు తిరుపతిలో పిల్లలకు నేనే నేర్పుతున్నాను. పోయిన నెల ఇంకో సంస్థ నుంచి ఒకాయన వచ్చి, మా పిల్లలకు ఏదో చేస్తామని చాలా మర్యాదగా చెప్పాడు. సార్ అయితే లోపలికి పిలిచి, టీ ఇచ్చి, సరేననేవారు. నేను గుమ్మంలోనే మాట్లాడి పంపించేశాను. ఊపిరి ఎలా పట్టాలో, ఎక్కడ వదలాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మనుషులను అలా నమ్మడం మాత్రం నేర్చుకోలేదు. నేర్చుకోవాలని ఇప్పటికీ లేదు.